ధాన్యం ఆరబోసిన మలుపు

ఆదివారం, రాత్రి

రాజాం దారిలో ఆ మలుపు ఒక్కటి లొంగితే కాలేజీకి బస్సు మానేయొచ్చు. నెల రోజులుగా స్కూటీ నేర్చుకుంటున్నా, అక్కడికి రాగానే బండి దాదాపు ఆపేసి, కాళ్లు దించి తిప్పుతున్నాను.

ఈరోజు అక్కడ సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోశారు. అందులోకి పోకూడదనుకుంటూ దాన్నే చూశాను. బండి తిన్నగా అటే పోయి అంచులో ఆగింది. పడలేదు.

కాపలా ఉన్న ముసలామె చీపురుతో లేచింది. "ఓలమ్మా, నా దాన్నాన్ని సూస్తావేటి? దారి సూడు! దాన్నం సూసినోలందరూ దాన్నంలోకే వస్తన్నారు!"

నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. ఇంత చదువుకున్న నాకు ఈ మాట ఒకరు చెప్పాలా? వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చాను. ఈసారి మలుపు అవతల రోడ్డు కనిపించే చోటునే చూశాను. బండి మెల్లగా ఒరిగింది, ఒరగనిచ్చాను. కాలు దించలేదు. నాలుగోసారి తిరిగేసరికి ఆమె, "ఇంటికెల్లవేటమ్మా?" అంది.

రేపు బండి మీదే కాలేజీకి వెళ్తానని మా ఆయనతో చెప్పేశాను. "మలుపులో లారీ ఎదురొస్తే?" అన్నారు. ఆ భయం నాకూ ఉంది. కానీ లారీ పక్కన రోడ్డు కూడా ఉంటుంది కదా, దాన్నే చూడాలి. చూస్తాననే అనుకుంటున్నాను...