సముద్రానికి వీపు పెట్టిన ఆడాళ్లు

నాన్నా,

నువ్వు సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాని రోజు మళ్లీ వచ్చింది. ఇవాళే ఇక్కడ జెద్దాలో, మా ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో కొత్త బొమ్మ తగిలించారు. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య రుమేనియాలో ఎవరో వేసినదానికి నకలట. సముద్రం పక్కన చిన్న ఊరు, తెల్లటి గోడలు, ఒడ్డుకు లాగిన పడవలు. అరుగు మీద ముగ్గురు ఆడాళ్లు చేపలు కోస్తున్నారు, ముగ్గురూ సముద్రానికి వీపు పెట్టి.

నాకు నమ్మబుద్ధి కాలేదు. పడవలన్నీ చేరేదాకా మన పేటలో ఏ ఆడదైనా అలా కూర్చుంటుందా? సముద్రం మరీ నిమ్మళంగా ఉంటే నమ్మొద్దనేవాడివి. ఈ బొమ్మలో అలలే లేవు.

"వేసినాయన అబద్ధం వేశాడు," అన్నాను.

నాతో డ్యూటీ చేసే పాలకొల్లు మేరీ నవ్వింది. "బొమ్మ మీద కూడా అనుమానమేనా నీకు? వాళ్ల పడవలన్నీ వచ్చేశాయేమో."

అదీ నిజమేనేమోనని డ్యూటీ దిగాక మళ్లీ వెళ్లి చూశాను. చివర కూర్చున్నావిడ చేతిలో కత్తి ఉంది గానీ చూపు చేప మీద లేదు. మెడ కొంచెం వెనక్కి తిరిగి ఉంది.

ఆవిడ పడవ ఇంకా రాలేదు నాన్నా.

అమ్మ ఇప్పటికీ కత్తిపీట సముద్రం వైపే పెట్టుకుంటుంది.