పురుగైన మనిషి మళ్ళీ మనిషవుతాడా

గురువారం, జహీరాబాద్

ఈ రోజు సుజాతకు అబద్ధం చెప్పాను.

డిగ్రీ పిల్లలకు వారం నుంచి ఆ పాత విదేశీ కథ చెబుతున్నాను. ఒక మనిషి పొద్దున లేచేసరికి పురుగైపోతాడు, ఇంట్లోవాళ్ళు అతన్ని గదిలో పెట్టి తలుపు మూస్తారు. పిల్లలకు ఆసక్తి కలగాలని, పురుగు కుట్టి హీరో అయ్యే సినిమాలతో పోల్చాను. క్లాసంతా నవ్వింది. కోహీర్ నుంచి వచ్చే సుజాత మాత్రం నవ్వలేదు.

క్లాసయ్యాక వచ్చి నిలబడింది.

"సార్, సినిమాల పురుగు కుడితే తాకత్ వస్తది. మా బాపుకు ఫ్యాక్టరీ మిషన్ల రెండు చేతులు పోయినయ్. ఎనక అర్రల ఉంటడు. చుట్టాలొస్తే మా అమ్మ తలుపు దగ్గరికేస్తది."

చేతిలోని పుస్తకం మూసి బల్ల మీద పెట్టాను.

"ఎవ్వరితోని మాట్లాడడు సార్. ఈ కథ చెప్తే మాత్రం ఇంటడు. ఆఖరికి ఆయన మల్ల మనిషైతడా, మీ సార్‌ను అడుగు అన్నడు."

ఆ కథలో అతను ఆ గదిలోనే చనిపోతాడు. ఇంట్లోవాళ్ళు హమ్మయ్య అనుకుని షికారుకు వెళతారు.

"అవుతాడమ్మా" అన్నాను.

"ఇయాల్నే చెప్త సార్" అని ఆటో కోసం పరుగెత్తింది.

ఈపాటికి చెప్పేసి ఉంటుంది. కథ మొత్తం వాళ్ళ పాఠ్యపుస్తకంలోనే ఉంది, పరీక్షకు ఎలాగూ చదువుతుంది. నన్ను ఏమనుకున్నా పరవాలేదు. కానీ ఆ చివరి పేజీ చదివాక, తండ్రి ముందు నా అబద్ధాన్ని ఆ పిల్లే మోయాలి.