ప్రొఫెసర్ గారి పన్నెండంతస్తులు

మేస్త్రీ మావయ్య గారి దివ్యసముఖానికి,
మేనల్లుడు నడుం పట్టేసేంత వంగి పెట్టే నమస్కారాలు.

మావయ్యా, అయిపోయింది! మేం నిద్ర మానుకుని తయారుచేసిన కొత్త ప్రాసెసర్ ఆర్కిటెక్చర్ పూర్తయింది! కోటి గేట్లు, లోపల వెడల్పాటి బస్సు, పన్నెండంతస్తులుగా పరిచిన తీగలు! పాతవాటికి రెండింతలు వేగం, సగం కరెంటు!

చిక్కల్లా ఒక్కటే. పాత ప్రోగ్రాములు ఇందులో నడవవు. ప్రోగ్రాముల్లేవని కొనేవాళ్ళు రారు. కొనేవాళ్ళు లేరని ప్రోగ్రాములు రాసేవాళ్ళు రారు. నెలాఖరులోగా ఒక్కరైనా కొనకపోతే దీన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తానంటున్నాడు మా బాసు. అదే తాళం నా ఉద్యోగానికీనట.

ఇట్లు,
కోటి గేట్ల కాపలాదారు

తా.క.: పెళ్ళిచూపుల్లో పిల్ల బంగారం అంటూనే లేచి వెళ్ళిపోయేవాళ్ళలా ఉన్నారు మావయ్యా, వచ్చినవాళ్ళంతా.

*

చిరంజీవి అల్లుడికి,
సిమెంటు చేతులతోనే ఆశీర్వదించి రాయడమేమనగా,

నా కళ్ళజోడు మీద మీ అత్త కూర్చుంది. ఒక అద్దమే మిగిలింది. అయినా మేస్త్రీకి ఒంటికన్ను చాలు. ప్రొఫెసర్ గారికి ఇల్లు కట్టావని చదివి పొంగిపోయాను. కానీ కోటి గేట్లేమిట్రా? ఆయన అన్నీ తెరుచుకుని లోపలికెళ్ళేసరికి రిటైరైపోడూ? ఓహో, అందుకా బస్సు!

ప్రోగ్రాముల్లేవని దిగులెందుకు? మీ అత్త పాడుతుంది, పంపనా?

ఇట్లు,
ఒంటికన్ను మేస్త్రీ

తా.క.: ఉత్తరమంతా గాలించాను. పన్నెండంతస్తులకు లిఫ్టేదిరా?

*

మావయ్య గారి మిగిలిన అద్దానికి,
మేనల్లుడి విన్నపం.

ప్రొఫెసర్ కాదు మావయ్యా, ప్రాసెసర్! అది ఇల్లు కాదు! కంప్యూటర్‌లో కూర్చుని లెక్కలు చేసే చిప్. గేట్లంటే అందులోని బుల్లి స్విచ్చులు, బస్సంటే వాటి మధ్య అంకెల్ని మోసే దారి. మొత్తం కలిపి వేలి గోరంత. వచ్చినవాళ్ళంతా మెచ్చుకుంటారు, టీ తాగుతారు, ఆఖర్న "ఇందులో విండోస్ నడుస్తుందా?" అంటారు. లేదనగానే చెప్పులు వెతుక్కుంటారు. నెలాఖరు ముంచుకొస్తోంది. ఈ చిప్ అమ్ముడుపోకపోతే నా చేతికి చిప్పే!

ఇట్లు,
కాబోయే చిప్పధారి

తా.క.: అత్తను పంపకండి. టీ తాగేవాళ్ళు కూడా రాకుండా పోతారు.

*

అల్లుడికి,
గాభరాపడుతూనే దీవిస్తూ,

ఆ మిగిలిన అద్దం మీద ఈసారి నేనే కూర్చున్నాను. మాట వదిలి మాట చదివాను, అయినా గుండె చెరువైంది. ప్రొఫెసర్ కాదన్నాడా? ఆయనకూ మనసు విరిగిందన్నమాట. "ఇల్లు కాదు" అని నువ్వే ఒప్పుకున్నావు. కిటికీలు పెట్టకపోతే దాన్ని ఇల్లని ఎవరంటార్రా? పైగా గోరంత స్థలం! గోరంతను కొండంత చేసేవాళ్ళను చూశాను గానీ, కొండంతను గోరంతలో ఇరికించినవాణ్ణి నిన్నే చూశాను.

కిటికీల సంగతి తర్వాత. ముందు లిఫ్టు. నా నేస్తం లిఫ్టుల కంపెనీ నడుపుతాడు. రేపే పంపుతున్నాను. మర్యాద చెయ్యి.

ఇట్లు,
తడుముకుంటూ సంతకం చేసిన మావయ్య

తా.క.: నీ లేఖను అత్త చదివి పెడతానంది. పాటగా చదువుతానంది. వద్దన్నాను.

*

మావయ్య గారి పాదాలకు,
మేనల్లుడి సాష్టాంగం. లేవను, ఇలాగే రాస్తాను!

మీ నేస్తం టేపూ తాడూ పట్టుకుని దిగాడు. "బాబూ, పన్నెండంతస్తులెక్కడ?" అన్నాడు. చూపుడువేలి మీద పెట్టి చూపించాను. చాలాసేపు చూసి, "ఇందులో మనిషెక్కడ నిలబడతాడు?" అన్నాడు.

తప్పు మీ కళ్ళజోడుదని చెప్పి టీ ఇచ్చాను. తాగుతూ తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆయన లిఫ్టుల్లో మీటలు నొక్కితే మోటారుకు చెప్పే చిప్ ఒకటుంటుందట. ఎండాకాలం అది వేడెక్కి, జనాన్ని అంతస్తుకూ అంతస్తుకూ మధ్య వేలాడదీస్తుందట. నేను కప్పు వదిలేసి లేచాను. "అయ్యా, మీ లిఫ్టుకు ఏమేం తెలియాలి?"

"పైకి, కిందికి, ఆగు, తలుపు తియ్యి. ఇంకేం కావాలి దానికి?"

"విండోస్ అక్కర్లేదా?"

"లిఫ్టుకు కిటికీలెందుకయ్యా?"

మావయ్యా, ఆయన్ను కావలించుకున్నాను! ఆ నాలుగు మాటలకూ ప్రోగ్రాం అక్కడే కూర్చుని రాసేశాను, నడిపి చూస్తే చిప్ వేడెక్కనే లేదు. కొత్త లిఫ్టులన్నిటికీ ఇదే కావాలన్నాడు! ప్రపంచంలోని కంప్యూటర్ బల్లలన్నీ ఎక్కుతుందనుకున్న చిప్ లిఫ్టెక్కింది. ఎక్కనీండి! బీరువా తాళం మా బాసు జేబులోనే ఉండిపోయింది.

ఇట్లు,
ఉద్యోగం ఉన్న మేనల్లుడు

తా.క.: "నీ చిప్ పైకొచ్చిందోయ్!" అని బాసు భుజం తట్టాడు. నిజమే మావయ్యా, రోజూ వందసార్లు పైకొస్తుంది. కాకపోతే ప్రతిసారీ ఎవరో ఒకరు కిందికి దింపేస్తారు.