నీలిమందు నీళ్లు

మా పిచుకమ్మకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. మీ అన్నయ్య పోయాక అందరం అంటే నేనొక్కదాన్నే కదా. నేను బాగానే ఉన్నాను. నువ్వూ బాగున్నావనుకుంటాను. నా రాత నీకు తెలిసిందే, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. మోకాలు పరవాలేదు. మందులు వేసుకుంటున్నాను. అన్నయ్య చొక్కాలు ఎవరికైనా ఇచ్చావా అని అడిగావు. ఇవ్వలేదు. మళ్లీ అడగకు.

ఇక మనం కొనాలనుకున్న ఇంటి సంగతి. "పాత ఇల్లమ్మా, గోడలు చూసి మురిసిపోకు, ముందు మురుగు గొట్టాలు చూపించు" అని నువ్వు మరీ మరీ రాశావని ప్లంబరును తీసుకెళ్లాను. గొట్టాల్లోకి దించి చూసే అతని కెమెరా ఆ రోజు ఇంకెవరో పట్టుకెళ్లారట. వచ్చినవాళ్లం ఊరికే పోవడమెందుకని ఇంటావిడను అడిగి బకెట్టు నీళ్లలో నీలిమందు కలిపాను. బాత్రూములో పోస్తే గేటు దగ్గరి మురుగు గుంటలో నీలంగా తేలాలి కదా. ప్లంబరు గుంట మూత తీసి కూర్చున్నాడు.

"ఏంటమ్మా, ఇల్లంతా ఉతికి ఆరేస్తారా?" అని నవ్వాడు.

"ముందు కళ్లు తెరుచుకుని చూడు నాయనా, తర్వాత నవ్వుదువుగాని" అన్నాను.

పోశాను. "వచ్చిందా?" అని అరిచాను.

"రాలేదమ్మా!"

ఇంకో బకెట్టు పోశాను. "ఇప్పుడో?"

"ఉహూఁ!"

ఇంటావిడ మొహం పాలిపోయింది. "మా ఆయన ఉన్నన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు వదినగారూ" అంది పాపం. ప్లంబరు నవ్వు మానేశాడు. "నేల కింద గొట్టం పగిలి నీళ్లు మట్టిలోకి పోతున్నట్టున్నాయి. అదే అయితే గదులన్నీ తవ్వాలి" అన్నాడు.

ఆ సాయంత్రమే నీకు ఫోన్ చేసి, గొట్టం పగిలింది, ఆ ఇల్లు మనకొద్దు అన్నాను. "సరేలే అమ్మా, ఇంకోటి చూద్దాం" అన్నావు.

ఇప్పుడు రాసేది ఫోనులో చెప్పే ధైర్యం లేకే రాస్తున్నాను. మర్నాడు పొద్దున ఇంటావిడ ఫోన్ చేసింది. బట్టలుతికిన నీళ్లు వదిలితే వాటికంటే ముందు నీలం నీళ్లు గుంటలోకి దూకాయట. "వదినగారూ, వచ్చేసింది! నీలం వచ్చేసింది!" అని చిన్నపిల్లలా సంబరపడింది. ప్లంబరు కెమెరా పట్టుకెళ్లి చూశాడు. గొట్టం పగల్లేదు. పెరట్లో ఒకచోట కుంగింది. అక్కడి అతుకులోంచి చెట్టు వేళ్లు దూరి నీళ్లను ఆపేస్తున్నాయి. ఆ ముక్క తీసి కొత్తది వేస్తే చాలట. ఆవిడే వేయించి ఇస్తానంది. ఇంకెవరో అడుగుతున్నా మన మాట కోసమే ఆగింది.

వారం నుంచి ఈ మాట నీకు చెప్పలేదు.

కోప్పడకు. ఈ అద్దె ఇంట్లో నా మంచం పక్క గోడలోనే కదా పైవాటావాళ్ల గొట్టం. తెల్లవారుజామున పైవాటా ఆయన స్నానం చేస్తే నీళ్లు గోడలో గలగలా దిగుతాయి. అన్నయ్య రాత్రి డ్యూటీ దిగొచ్చి స్నానం చేసే వేళ కూడా అదే. సగం నిద్రలో, వచ్చాడు అనుకుంటాను. లేచి పొయ్యి వెలిగిస్తాను. పాలు పెట్టాక గుర్తొస్తుంది. ఆ కాస్తసేపు కోసమే నిద్ర లేస్తున్నానేమో. ఆ ఇంట్లో గొట్టాలన్నీ బయటి గోడకే ఉన్నాయి. లోపల గోడకి చెవి ఆనించి విన్నాను పిచుకా, ఏమీ వినపడదు. అందుకే నీలం రాలేదు అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

నిన్న నీ గదిలో ఉండే అమ్మాయి ఫోన్ చేసింది. "పిన్నిగారూ, నేను చెప్పానని అనకండి. ఇల్లు కొనాలని మీ అమ్మాయి రాత్రిళ్లు తినడం మానేసింది" అంది. పోయినవాడికి పాలు కాస్తూ కూర్చుని, ఉన్న నిన్ను పస్తు పెట్టానా తల్లీ.

ఇవాళ ఇంటావిడకి సరే అని చెప్పాను. కొత్త ముక్క వేశాక నేనే మళ్లీ నీలం పోసి చూస్తాను. తెల్లవారుజామున అక్కడ మెలకువ వస్తే ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు. వీలైతే వచ్చి నాలుగు రోజులు నా పక్కన పడుకో. రాత్రి అన్నం మానకు. కడుపునిండా తిను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ