పసుపు గీత

నా సౌభాగ్యవతికి,

నీ భర్త ప్రేమతోనూ, ఈసారి కాస్త భయంతోనూ రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ఈ మాట అబద్ధం కాదు గానీ, ఉత్తరం చివరిదాకా చదివాకే నమ్ము. వంతెన పని ముగించుకుని ఆదివారం బయల్దేరేదాకా నువ్వక్కడ వేళకి తిని, వేళకి నిద్రపోతున్నావని తలుస్తాను.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు చెప్పేస్తాను. అత్తయ్య మోకాలు నయం. నేను మన మందుల షాపు నుంచి తెచ్చిన మందు రాసుకోకుండానే తగ్గిందని ఆవిడే అందరికీ చెబుతోంది. కారు రంగు నువ్వడిగిన ముదురు నీలమే. రెండు సీట్ల పాత కారుకి ఎరుపే అందమని పెయింటరు చాలాసేపు వాదించాడు. మా ఇంట్లో వాదించే హక్కు ఒక్కరికే ఉంది, ఆవిడ ఊళ్లో లేదని చెప్పి పంపాను. బానెట్ మూసుకుంటోంది. కొత్త ఇంజన్ పాతదానికంటే ఎత్తుగా ఉంది కదా, మామయ్య బానెట్ మధ్యలో కోసి చిన్న మూపురంలా రేకు అతికించారు. బావుంది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన ఆ పాత ఇంజన్ స్థానంలో పెద్ద కారు ఇంజన్ ఇరికించడమంటే పిల్ల చొక్కాలో పెద్దమనిషిని దూర్చడమే. గేర్‌బాక్స్ మార్చారు, వెనక చక్రాలకి పోయే షాఫ్టు కోయించి పొట్టి చేయించారు, చోటు చాలక స్టీరింగ్ రాడ్డుని పక్కకి జరిపారు.

ఇక నీ చివరి ప్రశ్న. "నాన్న నీ ఉత్తరాల కింద రెండు ముక్కలు రాసేవారు, ఈమధ్య ఎందుకు రాయడం లేదు?" అని అడిగావు. కొండ దారి పోటీకి ఈ కారుతోనే పేరిచ్చేశానని కూడా అదే కాగితం మీద రాశావు. ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు.

మామయ్య పద్ధతి నీకు నాకంటే బాగా తెలుసు. బోల్టు బిగించగానే దాని తల మీంచి పక్క రేకు మీదకి పసుపు రంగుతో ఒక గీత గీస్తారు. గీత ఉంటే బిగించినట్టు. గీత తెగితే బోల్టు కదిలినట్టు. బస్సు డిపోలో పనిచేసిన అన్నేళ్లూ ఆయన గీతే ఆయన సంతకం. ఒకరోజు నేను స్టీరింగ్ రాడ్డు మీద నూనె తుడుస్తున్నాను. రాడ్డు అతుకు దగ్గరి బోల్టుకి పసుపు గీత చక్కగా ఉంది. నా గుడ్డ తగిలి ఆ బోల్టు తిరిగింది. పానా కాదు, గుడ్డ.

చెబుదామనే భోజనాల దగ్గరికి వెళ్లాను. ఆయన అప్పటికే ముద్ద కలుపుతూ నీ గురించే చెబుతున్నారు. "అమ్మాయి మలుపులో దిగేటప్పుడు బండి గురించి ఆలోచించకూడదల్లుడూ. దారి గురించే ఆలోచించాలి. బండి సంగతి నేను చూసుకున్నానని దానికి తెలియాలి." బోల్టు సంగతి మింగేసి మజ్జిగ పోసుకున్నాను.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేను పానా పట్టుకుని షెడ్డులోకి దూరేవాణ్ణి. చాలా బోల్టులు గట్టిగానే ఉండేవి. కొన్ని ఉండేవి కావు. బిగిస్తే గీత తెగుతుంది కదా, అందుకని పాత గీత తుడిచేసి, అచ్చం ఆయన గీసినట్టే మళ్లీ గీసేవాణ్ణి. ఆయన గీత చివర చిన్న కొక్కెంలా వంగుతుంది, అది నేర్చుకోవడానికి పాత రేకు మీద సాధన కూడా చేశాను. మందుల సీసాల మీద చీటీలు అంటించుకునేవాణ్ణి, మీ నాన్న చేతిరాత దొంగిలించేవాణ్ణయ్యాను.

ఆయన మాటల్లో కూడా తేడా కనిపిస్తూనే ఉంది. తాగిన టీ ఇంకా ఇవ్వలేదంటారు. నీకు రాయడానికి కలం పట్టుకుని, ఏం రాయాలనుకున్నారో గుర్తురాక కాగితం నాకే తిరిగిచ్చేస్తారు. ఈ ముక్క నీకు ముందే రాయాల్సింది. పోయినసారి "మామయ్య హుషారుగా ఉన్నారు" అని రాశాను చూడు, ఆ అబద్ధం నాదే.

ఇప్పుడు అసలు సంగతి. నన్ను తిట్టుకో, కానీ చదువు.

ఇంజన్ పోయిన వారం స్టార్టయింది. ఆ చప్పుడుకి అత్తయ్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. మామయ్య ముఖం నువ్వు చూడాల్సింది. "రేపు పొద్దున్నే ఒక్కణ్ణే రోడ్డు మీదకి తీసుకెళ్లి చూస్తాను" అన్నారు. నా చేతికందని బోల్టులు ఎన్ని ఉన్నాయో నాకేం తెలుసు? అందుకని ఆయన స్నానానికి వెళ్లగానే, ప్లగ్గులకి స్పార్క్ పంచే రోటర్ అనే చిన్న ముక్క తీసేశాను. దాని బదులు, వెంట్రుకంత పగులుందని ఆయనే పారేసిన పాత రోటర్ చెత్తబుట్టలోంచి ఏరి పెట్టాను. మంచిదాన్ని నా బూటులో దాచాను. మర్నాడు అత్తయ్య అరుగు ఊడుస్తూ ఆ బూటు చేతిలోకి తీసుకుంది. లోపలికి చూసింది. "ఇంకొంచెం లోపలికి తోయి నాయనా, కనిపిస్తోంది" అని మళ్లీ అక్కడే పెట్టేసింది. ఆవిడకి ఎప్పటి నుంచి తెలుసో నేనడగలేదు.

కారు స్టార్టవలేదు. మామయ్య రోజుల తరబడి వెతికారు. వైర్లు విప్పారు, ప్లగ్గులు మార్చారు, పెట్రోలు పైపు ఊదారు. ఒకప్పుడు టీ చల్లారే లోపల పట్టేసే మనిషి. నిన్న స్టూలు మీద కూలబడి, రెండు అరచేతులూ తిప్పి తిప్పి చూసుకుని, "ఈ చేతులకేమైందల్లుడూ?" అని అడిగారు. నేను స్క్రూడ్రైవరు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఇంత పిరికితనం నాలో ఉందని నాకే తెలియదు.

ఈ ఉదయం షెడ్డులోకి పిలిచారు. మడ్‌గార్డు మీద గుడ్డ పరిచి, దాని మీద ఆ పగిలిన రోటర్ పెట్టి ఉంది.

"ఇది నేను పారేసింది. చెత్తబుట్టలోంచి నడిచొచ్చిందా?"

నేను వెళ్లి బూటులోంచి మంచి రోటర్ తెచ్చి దాని పక్కన పెట్టాను.

"దొంగతనం నీకు చేతకాదు. ఎందుకు చేశావో చెప్పు."

చెప్పాను. అంతా చెప్పాను, గీతల సంగతితో సహా. ఆయనకి ఎంత కోపం వచ్చిందంటే, కళ్లజోడు జారి ముక్కు కొన మీదకొచ్చినా సర్దుకోలేదు. "నా గీత మీద చెయ్యేస్తావా? దగ్గు మందు అమ్ముకునేవాడివి నా పని చూస్తావా?" అన్నారు. నేను పానా ఆయన చేతిలో పెట్టి, "గేర్‌బాక్స్ బోల్టులు నిన్న సాయంత్రం మీరు మళ్లీ బిగించి గీసినవే మామయ్యా. నేనింకా ముట్టుకోలేదు. మీరే చూడండి" అన్నాను.

మొదటిది గట్టిగా ఉంది. ఆయన నా వైపు గెలిచినట్టు చూశారు. రెండోది తిరిగింది. మళ్లీ తిప్పారు, మళ్లీ తిరిగింది. పానా కింద పెట్టి అడిగారు.

"స్టీరింగ్‌ది కూడానా?"

"ఊఁ."

"అమ్మాయి స్టీరింగా?"

నేను తలూపాను. ఆయన అక్కడే గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు. నేనూ పక్కన కూర్చున్నాను. మా ఇద్దరికీ ఏడుపొచ్చింది. సిగ్గుపడి దాచుకోలేదు.

కాసేపటికి ఆయనే లేచి, పాత డబ్బాలోంచి తెల్లరంగు తీసి నా ముందు పెట్టారు. "డిపోలో రెండు గీతలుండేవి. బిగించినవాడిది పసుపు, చూసినవాడిది తెలుపు. రిటైరయ్యాక నన్ను చూసేవాడెవడు అనుకున్నాను. నా గీత నువ్వు గీయకు. నీది నువ్వు గీయి" అన్నారు. తర్వాత జేబులోంచి కారు తాళం తీశారు. నీ చేతిలో తనే పెట్టాలని పాలిష్ చేసి మరీ దాచుకున్న తాళం. అది నా అరచేతిలో పెట్టి మూశారు. "బండిని బయటికి వదిలేది చూసినవాడే. నేనడిగినా ఇవ్వకు. అమ్మాయికి ఉత్తరం రాయి, నావల్ల కాదు."

మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టాం. ఆయన బిగిస్తారు, నేను చూస్తాను. సాయంత్రానికి ముందు చక్రాలు దాటలేదు. డాక్టరు దగ్గరికి నువ్వొచ్చి తీసుకెళ్తేనే వస్తానంటున్నారు, ఆ పని నీదే.

ఆదివారం నువ్వు గేటు తీయగానే తాళం కోసం ఆయన వైపు చెయ్యి చాస్తావని నాకు తెలుసు. చాచొద్దు. నన్నడుగు. పోటీ నాటికి ఆఖరి బోల్టు దాకా తెల్లగీత పడితే ఇస్తాను. పడకపోతే ఇవ్వను. అరిచినా, అలిగినా, మాట్లాడ్డం మానేసినా ఇవ్వను. కావాలంటే ఆయన ముందే నా మీద అరిచెయ్యి, గట్టిగా అరిచెయ్యి. పోటీకి కారెందుకు తయారు కాలేదని ఎవరడిగినా ఒక్కటే చెప్పు. మా నాన్న ఎప్పుడో ముగించారు, మా ఆయన చాదస్తం వల్లే ఆగిపోయిందని చెప్పు.

ఇట్లు,
నీ చాదస్తపు మొగుడు