తోడల్లుడి ఇత్తడి రీలు

ఎఫీకి నీ పెనిమిటి డాండ్ రాయునది. ఇక్కడ నేనూ కుక్కా వేళకింత తిని తిరుగుతున్నాము. షెట్లాండులో నువ్వూ, బాలింతా, పసిగుడ్డూ కులాసా అని తలుస్తాను. పడవలు ఆగి నువ్వు మా తోడల్లుడి అంత్యక్రియలకు రాలేకపోయినందుకు మీ చెల్లి నాన్ ఏమీ అనుకోలేదు. అడిగావు గనక చెబుతున్నా, నల్లకోటే వేసుకున్నాను. వాట్ శవపెట్టెను గోతిలోకి దించేటప్పుడు తల దగ్గరి తాడు నేనే పట్టాను.

ఆ తర్వాతది విను. నాన్ ఇంకా టీ పొయ్యనేలేదు, పాత గాలాలు, రీళ్లు పోగేసే మా సంఘం వాళ్లు షెడ్డులో దూరారు. నల్ల టైలు కట్టుకున్న గద్దలు. హామ్ ముక్కలు తిన్న జిడ్డు చేతుల్తోనే వాట్ గాలాలు, ఈకల ఎరలు కెలికేస్తున్నారు. రిడెల్ గాడు గాలం తాడు చుట్టే ఆ ఇత్తడి సాల్మన్ రీలు చెవి దగ్గర పెట్టుకుని తిప్పి, చప్పుడు విని లొట్టలేస్తున్నాడు.

"ఈ పాత ఇత్తడి మీకెందుకమ్మా, మేం ఖాళీ చేసి పెడతాం" అంటాడు నాన్‌తో. దానికోసం వాడు వాట్ వెనక కుక్కలా తిరిగిన సంగతి నాకు తెలీదూ! పిచ్చిది, "పట్టుకుపోండి బాబూ" అనబోయింది.

నేను లాక్కున్నాను. తిప్పి చూసి, "నకిలీది. మరలు కొత్తవి" అన్నాను.

పాత రీళ్ల మీద నా మాటకి సంఘంలో ఎవడూ ఎదురాడడు. రిడెల్ చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. "థూ! ముసలాడికి ఎవడో భలే అంటగట్టాడే!" అన్నాడు. అందరూ ఇకిలించారు. చచ్చినవాడి ఇంట్లో, వాడి విస్కీ తాగుతూ.

ఎఫీ, అది అసలుదే. రీళ్ల గురించి నా జన్మలో ఆడిన అబద్ధం అదొక్కటే. మంచి పని చేశాననే అనుకున్నాను.

నిన్న వెళ్లి చూస్తే అది బొగ్గుల తొట్టిలో పడుంది. "ఇదేం పనే?" అన్నా.

"నా మొగుణ్ణి వెర్రివాణ్ణి చేసిన వస్తువు నా కళ్ల ముందెందుకు బావా?" అంది.

అది అసలుదేనని చెప్పేశాను. ఏడుస్తుందనుకున్నా. మీద పడి కరిచినంత పని చేసింది. "నా చెవిలో చెబితే సరా? నలుగురిలో ఆయన్ని నవ్వులపాలు చేశావు. ఆ మచ్చ నలుగురిలోనే కడుగు!"

శనివారం సంఘం కూడుతుంది. లేచి చెబుతాను. ఇక నా మాట ఎవడూ నమ్మడు, ఆ రోతముఖాలు రీలు కోసం మళ్లీ మీ చెల్లి గుమ్మం తొక్కుతాయి. తొక్కనీ. వాట్ మోసపోలేదని ఆ రిడెల్ నోటితో అనిపించాకే అక్కణ్ణించి కదులుతాను.

ఇట్లు,
నీ పెనిమిటి డాండ్