పంది ముట్టె కింద ఎస్తర్

అక్టోబర్ 4

మా పొలంలోని రాయిని వానకు పాడవకుండా చర్చిలోకి మారుస్తారట. పైనున్న నిటారు రాతిగుట్ట పేరు హాగ్‌బ్యాక్, ఈ రాయి పేరూ హాగ్‌బ్యాక్. రెండిటిదీ పంది వీపు ఆకారమే. ఇలాంటి రాళ్ళు ఎప్పుడో సముద్రం దాటొచ్చిన వైకింగుల సమాధిరాళ్ళట. మాకు మాత్రం ఇది మా పంది. గుట్ట మీది గొర్రెల్ని దించడానికి వెళ్తూ దాని ముట్టె నిమరనిదే మా ఇంట్లో ఎవరూ గేటు దాటరు. మా నాన్న ఒకసారి మరిచిపోయి కాలు విరగ్గొట్టుకున్నాడు. తాగి ఉన్నాడనుకోండి, అది వేరే కథ.

నా భార్య ఎస్తర్ బూడిద ఆ ముట్టె కిందే ఉంది, బిస్కట్ డబ్బాలో. నేనే పాతాను. పొలం మాదే అయినా రాయి చర్చిదట, వాళ్ళని అడగలేదు. వాళ్ళకంటే ముందు నేనే తీసుకోవాలి.

అక్టోబర్ 5

మ్యూజియం అమ్మాయి రాయిని బ్రష్‌తో కడిగింది. పంది కాదట, ఎలుగుబంటి. పాదాలతో రాయిని వాటేసుకుని కొరుకుతోంది. ఇన్నేళ్ళూ మేం నిమిరింది ఎవర్ని?

ఇలాంటి రాళ్ళ కింద ఎవరు పడుకున్నారో తేలిందే లేదని కూడా అంది. మరి సమాధి ఎలా అయిందమ్మా అంటే నవ్వింది.

అక్టోబర్ 7, ఉదయం

క్రేన్ రేపు. తవ్వాను. డబ్బా లేదు.

సాయంత్రం

చుట్టూ తవ్వాను. వానపాములు, ఒక చెంచా. దిక్కుతోచక ఎస్తర్ చెల్లెలు మావిస్‌కి ఫోన్ చేశాను. చాలాసేపు దగ్గింది. దొంగ దగ్గు.

"కోప్పడకు బావా" అంది. నేను పాతిన వారానికే వచ్చి తీసేసిందట. "అక్కకి చెమ్మ పడదని తెలీదూ? తీసుకెళ్ళి బురదలో పెడతావా!" గుట్టెక్కి బూడిదని గాలికి వదిలేసిందట. ఏ చోట అని అడిగాను. "గాలికి చోటేంటి బావా?"

నాకెందుకు చెప్పలేదంటే, "రోజూ టీ కప్పు పట్టుకెళ్ళి ఆ రాయితో కబుర్లాడుతుంటివి. ఏ మొహంతో చెప్పను? అసలు నువ్వు నోరు మూస్తే కదా ఎవరైనా చెప్పేది!"

ఉన్ని ధరలు, నా మోకాళ్ళు, క్షమించమని అడిగినవి, అన్నీ ఎలుగుబంటికి చెప్పానా?

అక్టోబర్ 8

రాయి వెళ్ళిపోయింది. లారీ ఎక్కించాక కూడా ముట్టె నిమిరాను. డ్రైవర్ అటు తిరిగాడు.

అక్టోబర్ 9

టీ పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. ఎటు తిరిగి మాట్లాడాలో తెలియలేదు. గుట్టవైపు చూసి "ఎస్తర్" అన్నాను.

పైన గొర్రెలన్నీ తలెత్తాయి.